బిగబట్టిన నవ్వు

టీవీ స్టూడియోలకు నవ్వే జనాన్ని సరఫరా చేయడం నా వ్యాపారం. జోకు రాగానే మణికట్టుకున్న పట్టీ వణుకుతుంది, జనం నవ్వుతారు. పట్టీ లేని నవ్వు ఇప్పుడు ఇళ్ళల్లో కూడా దొరకదు. గుమ్మంలో చుట్టం కనబడితే మా ఆవిడ ముందుగా పట్టీ వెతుక్కుంటుంది.

హాస్యనటుడు తాండ్ర వీరభద్రం గారు పందొమ్మిదేళ్ళ తర్వాత "పకపకల పందిరి" కార్యక్రమానికి తిరిగొచ్చారు. ఇన్నాళ్ళూ ఆయన బదులు కంప్యూటర్ బొమ్మ నటిస్తోంది. జనం చేతులకు పట్టీలు ఉండకూడదన్నారాయన. నిర్మాత సరేనని ఒక మెలిక పెట్టాడు. జనం నవ్వకపోతే వచ్చే వారం నుంచి మళ్ళీ బొమ్మే.

నలభై మందిని కూర్చోబెట్టాను. వీరభద్రం గారు కొత్తల్లుడి వేషంలో అత్తగారి పెసరట్టుతో కుస్తీ పట్టారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. జనం మాత్రం బోసి చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

ఆయన ఆట ఆపి కిందికి దిగి, ముందు వరసలో ఉన్న నర్సమ్మను అడిగారు. "ఏమ్మా, నవ్వు రాలేదా?"

"ఎందుకు రాలేదు బాబూ! శేషయ్యగారు ఇంకా నవ్వమనలేదని బిగబట్టుకున్నా" అంటూ నన్ను చూపించింది.

వీరభద్రం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నర్సమ్మ కూడా ఇక ఆపుకోలేకపోయింది. తర్వాత అందరూ నావైపే చూస్తూ నవ్వారు.

ఆయనకు ఏడాది ఒప్పందం కుదిరింది. ప్రతి వారం నేను ముందు వరసలో కూర్చోవాలని ఆయన షరతు. ఇరవై ఏళ్ళుగా నవ్వు సరఫరా చేస్తున్నాను, ముడిసరుకు కావడం ఇదే మొదలు. గిట్టుబాటు చూసుకుని ఒప్పుకున్నాను.