ఎమిలీ అనని ఆమెన్

"కాంగో యుద్ధంలోంచి మన సైన్యాన్ని వాపస్ రప్పించు ప్రభువా! మా ఎమిలీ వదిన పెనిమిటి నెల్సన్ ఇంటికొచ్చీయాల!" ప్రిస్సీ గొంతెత్తి ప్రార్థించింది.

ఉక్కు కార్మికుల బస్తీ బర్మామైన్స్‌లో, ఆడవాళ్ల ప్రార్థన కూడికలో ప్రతి శుక్రవారం మొదటి ప్రార్థన శాంతిసేనతో కాంగో వెళ్లిన నెల్సన్‌కే. ఉక్కు కరిగించే ఫర్నేసు దగ్గర రోజూ ఉడికే తన మొగుణ్ణి తలిచే నాథుడే లేడని ప్రిస్సీ కడుపుమంట. నెల్సన్ వచ్చేస్తే ఎమిలీ వైభోగం తీరిపోతుందనే ఈ ప్రార్థన.

అందరూ ఆమెన్ అన్నారు. ఎమిలీ అనలేదు.

"ఏటి వదినా, మొగుడు రావద్దేటి?" ప్రిస్సీ పొడిచింది.

"రావాలే. మనోళ్లు వచ్చేత్తే అక్కడ శిబిరంలో జనాన్ని ఎవులు కాత్తారు? ఈయన కాపలా ఉంటేనే ఓ పాప నిద్దరోతాదంట."

"ఇంకో దేశపోళ్లు కాత్తార్లే. నీ కూతురు తండ్రిని ఫోన్లోనే చూత్తంది కదా!"

"అదే నా కుళ్లు. నా బిడ్డకి లేని కాపలా ఆ పిల్లకి దొరికింది."

కుళ్లు తనొక్కదానికే ఉందనుకున్న ప్రిస్సీ, ఎమిలీ పక్కకి జరిగి కూర్చుంది.

"ఆ పాప పేరేటి వదినా? ప్రార్థనలో చెప్తాను."

ఎమిలీ తల వంచుకుంది. "ఓర్వలేక అడగనేదే."

ప్రిస్సీ మళ్లీ కళ్లు మూసుకుని "ప్రభువా" అంది. నెల్సన్‌ని రప్పించమనాలో, అక్కడే ఉంచమనాలో నోటికి రాలేదు.