కన్నుకు బొట్టు

నగరంలో ప్రతి హాస్టల్‌కూ ప్రభుత్వంవారి కాపలా కన్ను, అంటే మాట్లాడే కెమెరా, ఒకటి ఉండాలి. ఇల్లంతా చూసి, ప్రమాదం కనబడితే అది అరవాలి. అనసూయమ్మ లేడీస్ హాస్టల్లోని కన్ను మాత్రం దసరా నుంచి ఒక్కసారి కూడా అరవలేదు. ఆయుధపూజ నాడు ఆవిడ దానికి పసుపు రాసి, సరిగ్గా అద్దం నడుమ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది మరి! చూపు మూసుకుపోయిన ఆ కన్ను మహాతల్లికి ఏ ప్రమాదమూ కనబడక, రోజూ పొద్దున్నే నూటికి నూరు మార్కులు వేస్తోంది. ఆ మార్కుల పట్టాకు గుమ్మం మీద పూలదండ కూడానూ.

కొత్తగా చేరిన స్వరూపకు ఒళ్లు మండింది. స్టూలెక్కి తడిగుడ్డతో అద్దం తుడిచేసింది.

"నలుగురి గదిలో పదకొండు మంచాలు! మెట్లదారికి తాళం! గీజర్ వైరు మాడిపోతోంది! గంటలో మళ్లీ చూస్తాను. ఇలాగే ఉంటే ఇల్లు ఖాళీ!" అని కన్ను గుక్కతిప్పుకోకుండా అరిచింది.

అనసూయమ్మ పరుగెత్తుకొచ్చింది. "పూజ చేసిన బొట్టు తుడుస్తవా పిల్లా? ఏం పొయ్యేకాలమొచ్చింది నీకు?"

"తాళం తీయొచ్చు కదా ఆంటీ, వైరు మార్చొచ్చు కదా!"

"మంచాలో? ఏడుగురు బయటికి పోవాలె. ఆఖర్న వచ్చినవ్, ముందుగాల నువ్వే పో."

 అమ్మాయిల్లో ఒకతె కుంకుమ భరిణె తెచ్చి స్వరూప చేతిలో పెట్టింది.

ఈ మంచం కోసం స్వరూప మూడు నెలలు తిరిగింది. మళ్లీ స్టూలెక్కింది. ఈసారి బొట్టు ఇంకాస్త పెద్దదే పెట్టింది.

గంట తర్వాత కన్ను "నూటికి నూరు" అంది. అందరూ గీజర్ వేసుకుని స్నానాలకు వరస కట్టారు.