మచ్చ పడని మందు

ఈ రోజుల్లో ప్రతి వంటింట్లోనూ పొయ్యి పక్కన ఒక చర్మం పళ్లెం ఉంటోంది. ఇంట్లో ఒకరి ఒంటి నుంచి గోరంత ముక్క తీసి వేస్తే చాలు, అది పళ్లెం నిండా అట్టులా పరుచుకుంటుంది. నూరిన ఆకుమందు ఏదైనా ముందు దాని మీదే రాసి చూడాలి. పేరిందేవి ఇంటి పళ్లెంలో పెరిగింది కోడలు కోమలి చర్మం.

రోజూ పొద్దున్నే పేరిందేవి అట్లకాడ ఎర్రగా కాల్చి పళ్లెంలో వాత పెట్టేది. "నీకేం నొప్పే? అది పళ్లెం" అనేది. అయినా ఆ వాసనకి కోమలి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. వాతకి మందు కుదిరితేనన్నా ఈ కాల్చడం ఆగుతుందని, కలబంద గుజ్జులో గోరింటాకూ పసుపూ వేసి వెన్నలా నూరి పళ్లెంలోని వాత మీద రాసింది.

సాయంత్రానికల్లా వాత మానిపోయింది. మచ్చ కూడా మిగల్లేదు. కోమలి ఊపిరి పీల్చుకుంది.

"ఎంత బాగా నూరావే!" అని పేరిందేవి మురిసిపోయింది. పళ్లెం తీసి అవతల పెట్టి, అట్లకాడని మళ్లీ పొయ్యి మీదికి తోసింది.

"ఇంకా ఎందుకు అత్తయ్యా?"

"మొన్న పాలు మాడబెట్టావుగా. చెయ్యి చాపు. ఇక మీ అమ్మకి కూడా తెలీదులే."