చెరి సగం

మా ఆయన పొట్ట ఏళ్ల తరబడి మాట వినేది కాదు. ఏం తిన్నా మెలిపెట్టడం, బాత్రూంకి పరుగు. అందుకే ఊళ్లో అందరు మొగుడూపెళ్లాల్లాగే మేమూ బొడ్డు కింద నొప్పి పంచే బిళ్ళలు అంటించుకున్నాం. చెరి సగం అనుకుని, ఆయన బిళ్ళ మీది మీట మధ్యలో పెట్టుకున్నాం. తీసేస్తే ఎవరి నొప్పి వాళ్లదే.

నాకు మెలిపెట్టినప్పుడల్లా ఆయనా పొట్ట పట్టుకుని మూలిగేవాడు. పాపం అనిపించి, ముందు ఆయనకే వాము నీళ్లు కాచి ఇచ్చేదాన్ని. ఇంట్లో కారం మానేశాను.

ఇవాళ బస్సు నడుపుతుంటే పేగులు మెలిపడ్డాయి. పళ్లబిగువున తెనాలి బస్టాండు దాకా తెచ్చి, ప్రయాణికులు దిగకముందే బాత్రూంకి పరిగెత్తాను. బయటికొస్తే ఎదురుగా బజ్జీల బండి. అక్కడ మా ఆయన మిరపకాయ బజ్జీ కొరుకుతూ ఎవరితోనో నవ్వుతున్నాడు.

"మీకు నొప్పి లేదా?" అన్నాను.

ఆయన కొరికిన బజ్జీ ప్లేట్లో పెట్టేశాడు. "మొదటిరోజే మీట మొత్తం నీ వైపు తిప్పేశా హైమా. నీకు ఓర్పెక్కువ కదే!"

నా బిళ్ళ ఊడబీకి ఆయన ప్లేట్లో పెట్టాను.

"బాబాయ్, ఈయనకి ఇంకో నాలుగు వెయ్యి" అని చెప్పి బస్సెక్కాను.