ఎడమ చెవి

ఒక ఊరి చేపల బజారులో రాగి అనే కుక్క ఉండేది. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలని ఆ ఊరి చట్టం. కుక్కలను పట్టే బండి వచ్చినప్పుడల్లా రాగి తూములో దాక్కునేది.

"ఒక్కరోజు నొప్పి, వెళ్ళవే," అనేది చెవి తెగిన ముసలి కుక్క.

"నీలా మొండి చెవితో తిరగమంటావా, అత్తా?" అని రాగి నవ్వేది.

రాగి మూడుసార్లు ఈనింది. అలా దాక్కున్న కుక్కలన్నీ ఈనడంతో బజారు నిండిపోయింది. తిండి చాలక అవి మనుషుల మీద పడ్డాయి. రాగి పిల్లల్లో ఒక్కటే బతికింది. అప్పుడు చట్టం మార్చారు. చెవి తెగని కుక్కలను ఇక బందెలదొడ్డికి తోలేస్తారు. అక్కడి నుంచి ఏ కుక్కా తిరిగి రాలేదు.

బండి చప్పుడు వినగానే రాగి, బిడ్డనైనా దక్కించుకోవాలని దాన్ని ఎదురుగా నిలబెట్టుకుంది.

"ఏడవకు నాన్నా, చెవి తెగితే వదిలేస్తారు," అని తన ఎడమవైపుకు ఉన్న బిడ్డ చెవి కొస కొరికేసింది. ఎదురుగా నిలబడ్డ బిడ్డకు అది కుడి చెవి అవుతుందని రాగికి తట్టలేదు.

"తెగింది కుడి చెవి. కాట్లాటలో పోయినట్టుంది," అని బండివాడు రెండింటినీ బోనులోకి నెట్టాడు.

బిడ్డ తల్లి పొట్టలో తల దూర్చింది.

"నేను ఏడవలేదు కదమ్మా. ఎప్పుడు వదులుతారు?"