రోజూ తుడిచిన గొట్టం

షూటింగ్ జట్టు ఎంపిక పోటీలో కోడలి మొదటి తూటాలన్నీ గురికి ఎడంగా పడ్డాయి. గురి కుదిరేసరికి పోటీ చేయి దాటిపోయింది. కోడలు ఇంటికొచ్చి రైఫిల్ పెట్టెను మంచం మీద పడేసింది.

"నిన్న మళ్లీ తుపాకీ గొట్టం తుడిచారా అత్తయ్యా?"

"తుడిచానమ్మా," అంది అత్తగారు.

"ఎన్నిసార్లు చెప్పాలి మీకు? గురి తప్పడం మొదలైనప్పుడే దాన్ని తుడవాలి. నెలకోసారి తుడిచినా ఎక్కువే. తుడిచిన గొట్టం మళ్లీ కుదురుకునేదాకా తూటా అనుకున్న చోటికి పోదు. నా కష్టమంతా గుడ్డపీలిక పాలు చేశారు."

కోడలు మొహం కడుక్కుని వచ్చేసరికి, అత్తగారు పెట్టె తెరిచి మళ్లీ కడ్డీకి గుడ్డ చుడుతోంది.

కోడలికి ఒళ్లు మండింది. "నా మీద ఏం కక్ష మీకు?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"గురి సంగతి నాకేం తెలుసమ్మా. మా అబ్బాయి పోయినప్పట్నుంచి నీకు తిండి లేదు, నిద్ర లేదు. తలుపేసుకుని ఈ తుపాకీ పక్కనే పడుకుంటావు. తుడిచి చూస్తే గొట్టంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. లోపల తూటా లేదని తెలిస్తే గానీ నాకు కన్ను మూతపడదు."

కోడలు మంచం అంచున కూలబడింది. ఆ ఆలోచన తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్లూ.

కాసేపటికి లేచి, బీరువాలోంచి తూటాల డబ్బా తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

"ఇవి మీ గదిలో దాచండి. గొట్టం జోలికి మాత్రం రాకండి."