అరవై దాటినవాళ్ల ఈత

మెల్‌బోర్న్ శివారులోని ఆ కాలనీలో ఎవరు ఏం చేస్తున్నారో యంత్రాలే రోజూ లెక్కగడతాయి. ఆ లెక్కను బట్టే బస్సులు, బడులు నడుస్తాయి. అరవై దాటిన ఆడవాళ్లు ఈతకు రావడం లేదని తేలడంతో, వాళ్ల తరగతి శుక్రవారంతో ఆపేస్తామని కబురొచ్చింది.

అరవై మూడేళ్ల వకుళకు అప్పుడప్పుడే నీళ్లంటే భయం తగ్గుతోంది. "నేను వస్తున్నాను కదా?" అని అడిగింది.

"ఒక్కరు లెక్కలోకి రారండి. కనీసం ఐదుగురుండాలి," అని ఈతకొలను గేటు దగ్గరి యంత్రం తెలుగులోనే మర్యాదగా చెప్పింది.

ఆ సాయంత్రం వకుళ తన వయసువాళ్లున్న ప్రతి ఇంటి తలుపూ తట్టింది.

"నాకు ఈత రాదు కదక్కా," అంది పక్కింటి దమయంతి.

"నాకూ రాదు. అందుకే రమ్మంటున్నా."

శుక్రవారం ఏడుగురు వచ్చారు. తరగతి ఆగలేదు. నడుం లోతు నీళ్లలో అందరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. వకుళ మెల్లగా చెయ్యి విడిపించుకుని, ఊపిరి బిగబట్టి, మొదటిసారి కాళ్లు నేల మీంచి తీసేసింది.